రాచెట్ పానా – జీవితకాలపు హామీ

కడపలో గానీ కర్నూలులో గానీ పనిముట్ల అంగడికి వెళ్ళి రాచెట్ పానా చూపించమంటే, అంగడి యజమాని దాన్ని వెంటనే మన చేతికివ్వడు. ముందు తన చేతిలోనే రెండుమూడు మార్లు గిరగిర తిప్పి, ఆ టిక్కు టిక్కు చప్పుడు మనకు వినిపిస్తాడు. చప్పుడు సొంపుగానే ఉంటుంది, కాదనలేను. తొక్కడం ఆపిన సైకిలు వెనుక చక్రం చేసే చప్పుడు వంటిది. నిజానికి రెండింటిలోనూ ఉన్న కీలకం ఒక్కటే. లోపల ఒక పళ్ళచక్రం, ఆ పళ్ళ నడుమ ఇమిడే చిన్న నాలుక, ఆ నాలుకను వెనుకనుండి నొక్కి ఉంచే సన్నని స్ప్రింగు. ఒక వైపు తిప్పితే నాలుక పళ్ళకు అడ్డుపడి నట్టు తిరుగుతుంది. ఎదురు తిప్పితే నాలుక పళ్ళమీదుగా జారిపోతుంది, నట్టు ఉన్నచోటే ఉంటుంది. నట్టు మీదనుండి పానా తీయకుండానే చెయ్యి వెనక్కు తెచ్చుకుని మళ్ళీ తిప్పవచ్చు. ఇంతకు మించి అందులో మాయ ఏమీ లేదు. అయితే ఆ నాలుక ఎంత గట్టిదో, స్ప్రింగు ఎన్నాళ్ళుంటుందో చప్పుడు చెప్పదు. అంగడిలో అన్ని రాచెట్లూ ఒకేలా పాడతాయి.

ఇంత చిన్న వస్తువు గురించి ఇన్ని మాటలెందుకంటే, పోయిన ఏడు వేసవిలో మా చిన్నాయన కొడుకు తరఫున నేను ఒక పానా కంపెనీతో ఉత్తరప్రత్యుత్తరాలు జరపవలసి వచ్చింది. వాడు వేంపల్లె చుట్టుపక్కల పల్లెల్లో బోరు మోటార్లు ఎత్తి, దించి, బాగు చేస్తాడు. చేతిపని వాడిది, ఆంగ్లంలో ఉత్తరం నాది. ఆ వ్యవహారంలో తెలిసివచ్చినవి కొన్ని, అంతకు ముందే వాడి దగ్గర నేర్చుకున్నవి కొన్ని ఇక్కడ వ్రాస్తున్నాను.

మా వైపు బోరంటే ఆషామాషీ కాదు. వేయి అడుగుల లోతు ఇప్పుడు ఎవరికీ వింతగా తోచదు. తమిళనాడులోని తిరుచెంగోడు నుండి డ్రిల్లింగు బండ్లు వస్తాయి, తవ్వుతాయి, అడుగుల లెక్కన డబ్బు తీసుకుని వెళ్ళిపోతాయి. ఆ తరువాత ఆ గుంత బాగోగులు చూసేది మావాడి వంటి వాళ్ళే. చీనీ తోట కాయ మీదున్నప్పుడు మోటారు కాలిపోయిందంటే రైతు కాలు ఒకచోట నిలవదు. ఆరువందల అడుగుల లోతున ఉన్న మోటారును పైకి తీయాలంటే, ఇరవై అడుగుల ఇనుప పైపులు ముప్పై, ఒకదాని తరువాత ఒకటి విప్పుకుంటూ రావాలి. రెండంగుళాల పైపు ఒక్కొక్కటి ముప్పై కిలోల పైమాటే. ముప్పై పైపులు, మోటారు, కేబులు అన్నీ కలిపితే ఒక టన్ను బరువు బోరు మూతి దగ్గర వేలాడుతూ ఉంటుందన్నమాట.

ఆ బరువును పట్టుకునేవి రెండు క్లాంపులు. ఒక్కొక్క క్లాంపు పైపును ఇరువైపులనుండి కౌగిలించుకునే రెండు ఇనుప దిమ్మెలు, వాటిని బిగించే రెండు పొడవాటి బోల్టులు. చెయిన్ పుల్లీతో ఒక పైపు పొడుగు పైకి లాగి, జాయింటు కింద రెండో క్లాంపు బిగించి, దాన్ని కేసింగు మీద కూర్చోబెట్టి, పై పైపును విప్పి, మొదటి క్లాంపును దానినుండి ఊడదీసి మళ్ళీ మొదలు. అంటే ఒక పైపుకు రెండు బోల్టులు బిగించడం, రెండు విప్పడం. ముప్పై పైపులకు నూటయిరవై సార్లు. మోటారు బాగై వచ్చాక దించేటప్పుడు మరో నూటయిరవై. బోల్టు మర పొడవు కాబట్టి ప్రతిసారీ నట్టు చాలా చుట్లు తిరగాలి.

నోరు తెరిచిన మామూలు పానాతో ఈ పని చేస్తే, ఆరు పలకల నట్టు మీద ఒక్కో పట్టుకు ఆరవ వంతు చుట్టు తిరుగుతుంది. పానా తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తిప్పాలి. పన్నెండు మూలల రింగు పానా అయితే పన్నెండవ వంతు చుట్టుకు మళ్ళీ పట్టు దొరుకుతుంది గానీ, తీసి పెట్టే బాధ తప్పదు. రాచెట్ పానాకు ఆ బాధ లేదు. మావాడి లెక్క ప్రకారం రాచెట్ ఉంటే మోటారు ఎత్తి దించే పనిలో గంటన్నర కలిసివస్తుంది. మే నెల ఎండలో గంటన్నర అంటే చిన్న సంగతి కాదు. పైగా కూలీకి వచ్చిన ఇద్దరు కుర్రవాళ్ళ చేతులకు కాస్త ఊరట.

ఇక ఎన్నిక సంగతి. రాచెట్లలో ముఖ్యంగా రెండు జాతులున్నాయి. ఒకటి పిడికి సాకెట్లు మార్చుకుంటూ వాడేది. రెండోది రింగు పానా తలలోనే పళ్ళచక్రం అమర్చినది. సాకెట్ల పెట్టె చూడడానికి ఘనంగా ఉంటుంది, ఒక్క పిడికి ఇరవై నాలుగు సాకెట్లని మురిపిస్తారు. కాని క్లాంపు బోల్టు నట్టు దాటి మూడు నాలుగు అంగుళాలు పొడుచుకు వస్తుంది. మామూలు సాకెట్ అడుగు మూసి ఉంటుంది కాబట్టి బోల్టు కొస దానికి తగిలి ఆగిపోతుంది, నట్టును అందుకోలేదు. లోతు సాకెట్ కొన్నా ఇంత పొడవుకు చాలదు. రింగు రాచెట్ అయితే ఆరపార చిల్లే, బోల్టు ఎంత పొడవున్నా దూరిపోతుంది. పైపులు, క్లాంపులు, పొడవు మరల పని చేసేవారు సాకెట్ల పెట్టె చూసి మోజుపడకపోవడం మేలు.

రింగు రాచెట్‌లో మళ్ళీ రెండు రకాలు. తల సమంగా ఉండి, తిరిగే దిశ మార్చాలంటే పానానే తిరగేసి పెట్టవలసినది ఒకటి. తల దగ్గర చిన్న మీట ఉండి, దాన్ని నెడితే దిశ మారేది మరొకటి. మొదటిది చవక, తల పలచన, ఇరుకులో దూరుతుంది. మీట ఉన్నది కాస్త ఖరీదు, మందం. చవకది చాలుగదా అనిపిస్తుంది. అయితే అందులో ఒక ఉచ్చు ఉంది. ఎదురుగా గోడో, ఇంజను దిమ్మో ఉన్నచోట బోల్టును విప్పుతూ పోతే బోల్టు తల పైకి లేస్తూ వచ్చి, పానా తలను ఆ గోడకు అదిమిపెడుతుంది. పానా బయటికి రాదు. తిరగేద్దామంటే తీస్తేనే గదా తిరగేసేది! వెనక్కు బిగిద్దామంటే రాచెట్ ఎదురు తిరగదు. ట్రాక్టరు కింద పడుకుని ఈ స్థితిలో చిక్కుకున్నవాణ్ణి నేను చూశాను. అతని నోట వెలువడిన మాటలు ఇక్కడ వ్రాయదగినవి కావు. మీట ఉన్నదైతే దిశ మార్చి రెండు చుట్లు లోపలికి బిగించి బయటపడవచ్చు. కాబట్టి ఆరుబయట క్లాంపులకు చవకది, ఇరుకు చోట్లకు మీట ఉన్నది.

అంగడివాడు చప్పుడు తరువాత చెప్పేది పళ్ళ సంఖ్య. "డెబ్బైరెండు పళ్ళు సార్!" అంటాడు, అదేదో రాగాల సంఖ్య చెబుతున్నట్టు. చుట్టును పళ్ళ సంఖ్యతో భాగిస్తే ఒక్కో టిక్కుకు చెయ్యి ఎంత కదలాలో తెలుస్తుంది. 72 పళ్ళకు 5 డిగ్రీలు, 24 పళ్ళకు 15 డిగ్రీలు. స్టార్టరు పెట్టె లోపలో ట్రాక్టరు ఇంజను సందులోనో చెయ్యి ఆడనిచోట ఆ తేడా ప్రాణప్రదం. బోరు మూతి దగ్గర చుట్టూ ఆకాశం తప్ప అడ్డమేముంది? అక్కడ 24 పళ్ళయినా, 72 పళ్ళయినా ఒకటే. పైగా అదే చక్రం మీద పళ్ళు ఎక్కువైతే ఒక్కో పన్ను చిన్నదౌతుంది. సన్నని పళ్ళ సందుల్లో దుమ్ము చేరితే నాలుక పూర్తిగా లోపలికి దిగదు. దిగకుండా బరువు మోస్తే అంచు విరుగుతుంది. బేతంచెర్ల నాపరాళ్ళ పాలిషింగు యూనిట్లలో నీళ్ళతో కలిసి అన్నిచోట్లా చేరే రాతిపొడి బురద ఎటువంటిదో అటువైపు వెళ్ళినవారికి తెలుసు. అది ఆరితే సిమెంటే. అలాంటి చోట ముతక పళ్ళదే మన్నుతుంది. దుమ్ముకు తోడు మా వైపు మరొక ప్రమాదం, ఆయుధపూజ! ఏటా దసరాకు పానాలన్నింటికీ పసుపు కుంకుమలు పెడతారు. మామూలు పానాకు అది శోభే గానీ, రాచెట్ తల నిండా పసుపు మెత్తితే మరుసటి రోజు నాలుక మొరాయిస్తుంది. మావాడు ఇప్పుడు రాచెట్లకు పిడి చివర మాత్రమే బొట్టు పెడుతున్నాడు. గ్రీజు కూడా దట్టంగా పూయరాదు, నాలుక అంటుకుపోతుంది. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు చాలు.

కొలతల విషయమూ చూసుకోవలసినదే. మన పాత పానాల సెట్టులో 6-7 మొదలుకొని 20-22 దాకా ఎనిమిది ఉంటాయి. క్లాంపులకు వాడే 16 మి.మీ. బోల్టు నట్టుకు పట్టేది 24 పానా, అది ఆ సెట్టులో ఉండదు, విడిగా కొనాలి. లేతు షాపులో చేయించిన క్లాంపులకు ఒక్కోసారి అయిదు సూతుల బోల్టు, అంటే అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతుల పాత బోల్టు ఉంటుంది. దాని నట్టుకు మిల్లీమీటర్ల పానా సరిగా కూర్చోదు. వదులుగా కూర్చున్న పానా మూలలను అరగదీస్తుంది. మూలలు అరిగిన నట్టుకు ఉలీ సుత్తీ తప్ప దిక్కు లేదు. పానాలు కొనేముందు క్లాంపుల బోల్టులన్నీ ఒకే కొలతకు మార్చుకోవడం అన్నిటికన్నా చవకైన ఉపాయం. ఇది మావాడి మాట, నాకు నచ్చిన మాట.

మా బావ ఒకాయన డాలస్ నుండి వస్తూ, సూట్‌కేసులో మూడు కిలోల బరువు వెచ్చించి మావాడికి ఒక రాచెట్ పానాల సెట్టు తెచ్చాడు. ఎంతో అందమైనవి. అన్నీ అంగుళాల కొలతలు! ముప్పావు అంగుళం పానా 19 నట్టుకు చక్కగా పట్టింది. కాని 24 నట్టుకు పదిహేనుబైపదహారు అంగుళం పానా ఎక్కదు, దాని పైదైన అంగుళం పానా వదులు. ఆ పెట్టె మీద జీవితకాలపు హామీ అని కూడా ఉంది. అమెరికాలో అది ఉత్తమాట కాదని బావ చెప్పాడు. సియర్స్ వారి క్రాఫ్ట్స్‌మన్ పానా విరిగితే, రసీదైనా అడగకుండా కొట్టులో కొత్తది చేతిలో పెట్టేవారట. ఆ పేరు మీద 1927 నుండి పనిముట్లు అమ్మిన సియర్స్, 2017లో ఆ పేరునే స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్ కంపెనీకి అమ్ముకుంది. హామీ గొప్పదనమంతా కాగితంలో కాక, ఊరికొక కొట్టు ఉండడంలో ఉంది. ఆ కొట్టు వేంపల్లెలో లేదు, కడపలోనూ లేదు.

అసలు జీవితకాలమంటే ఎవరి జీవితకాలం? పానాదా, కొన్నవాడిదా, చేసినవాడిదా? మావాడి పెట్టెలో వాళ్ళ నాయన వాడిన రింగు పానా ఒకటి ఉంది. దాని మీద గెడోర్ అన్న ముద్ర ఇంకా చదవగలిగేలా ఉంది. జర్మనీ గెడోర్ సహకారంతో ఫరీదాబాదులో ఝలానీ కుటుంబం వారు చేసినవి అవి. ఆ కర్మాగారం మూతపడి చాలా ఏళ్ళయింది, పానా మాత్రం నిన్న కూడా పని చేసింది. హామీ ఇచ్చినవాడు పోయినా హామీ నిలబడిందన్నమాట. దాని లోపల విరగడానికి ఏమీ లేదు కాబట్టి అది సాధ్యమైంది. ఒక్క ఇనుప ముక్క, వేడిచేసి అచ్చులో కొట్టి, పదునుపెట్టిన క్రోమ్ వెనేడియం ఉక్కు. రాచెట్ అలా కాదు. కదిలే భాగాలున్నది ఏదైనా ఒకనాటికి అరుగుతుంది, కంపెనీల హామీ పత్రాలన్నీ 'సహజమైన అరుగుదల'ను మినహాయిస్తాయి. ఏది అరగడానికే పుట్టిందో దాని అరుగుదలను మినహాయించి, అరగని పిడికి జీవితకాలం హామీ ఇస్తారు.

మావాడి పానా సంగతికి వస్తాను. కంపెనీ పేరు చెప్పను. జీవితకాలపు హామీ ముద్ర చూసి, 24 రింగు రాచెట్ ఒకటి కడపలో కొన్నాడు. అదే కొలత మామూలు రింగు పానా ధరకు దాదాపు మూడు రెట్లు. పదకొండవ రోజున, మోటారు దించుతూ పంతొమ్మిదవ పైపు దగ్గర ఉండగా, క్లాంపు బిగిస్తుంటే లోపల నాలుక విరిగింది. బలంగా లాగుతున్న చెయ్యి ఒక్కసారిగా జారి కేసింగు అంచుకు తగిలింది, అరచేయి చీలింది. క్లాంపు సగమే బిగిసి ఉంది, పన్నెండు వేల రూపాయల మోటారు, పంతొమ్మిది పైపులు దాని మీద ఆధారపడి ఉన్నాయి. కుర్రవాడొకడు పాత రింగు పానా అందించి బిగించాడు కాబట్టి సరిపోయింది. క్లాంపు జారి ఉంటే పైపులతోసహా మోటారు బోరు అడుగుకు పోయేది. అలా పోయినదాన్ని పైకి తీయడం అందరివల్లా అయ్యే పని కాదు, చాలామార్లు బోరునే వదులుకోవలసి వస్తుంది. ఆ బోరు కింద నాలుగెకరాల చీనీ తోట ఉంది.

కుట్లు వేయించుకుని వచ్చాక వాడు నాతో అన్నమాట ఇది: "అన్నా, పైపు తొడగల్యా, సుత్తితో కొట్టల్యా. ఉత్త చేత్తో బిగిస్తాంటే ఇరిగిపాయ. ఇదేం గ్యారంటీనన్నా?"

పైపు తొడగడమంటే పానా పిడికి మూడడుగుల పైపు తగిలించి లాగడం. అడుగు పొడవు పిడి మీద పడే బలానికి అది మూడింతలు చేస్తుంది. తుప్పుపట్టిన నట్టును కదిలించడానికి మా వైపు అందరూ చేసే పనే. మామూలు పానా దాన్ని చాలావరకు ఓర్చుకుంటుంది. రాచెట్ నాలుక ఓర్చుకోదు. ఏ హామీ పత్రమైనా పైపునూ సుత్తినీ ఒప్పుకోదు, అది న్యాయమే. కాని వాడు ఆ పని చేయలేదు. రాచెట్ వచ్చిన రోజునుండీ మొదటి కదలికకు పాత పానా, ఆ తరువాత చుట్లకు రాచెట్, ఇదే వాడి పద్ధతి.

విరిగినదాన్ని తీసుకుని అంగడికి వెళ్ళాం. యజమాని మంచివాడే, కూర్చోబెట్టి టీ తెప్పించాడు. "గ్యారంటీ అయితే నేనే మార్చి ఇస్తా సార్, ఇది వారంటీ. కంపెనీకి పంపించాల" అన్నాడు. మన అంగళ్ళలో ఈ రెండు మాటలకు ఒక వాడుక స్థిరపడిపోయింది. గ్యారంటీ అంటే మార్చి ఇవ్వడం, వారంటీ అంటే చూస్తామనడం. ఇంతకూ బిల్లేదని అడిగాడు. అదృష్టవశాత్తూ మావాడు కొన్నప్పుడు "బిల్లు కావాల్నా, వద్దా?" అన్న ప్రశ్నకు కావాలనే చెప్పాడు. (బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. ఆ ప్రశ్నే అడగరాదన్నమాట.) అయితే ఆ బిల్లు ఇంకు లేకుండా వేడితో అచ్చయ్యే కాగితం. కడప ఎండలో మోటారుసైకిలు పెట్టెలో పది రోజులుండి నల్లబడిపోయింది. ధర ఉన్నచోటు ఒక మూల మాత్రం కనిపిస్తోంది. యజమాని తన కంప్యూటరులో వెతికి మరో ప్రతి తీసి ఇచ్చాడు, అది అతని మంచితనం. అలాంటి బిల్లును అంగడిలో నిలబడి ఉండగానే ఫోనుతో ఫోటో తీసుకోవాలి, పానా మీది ముద్రతో సహా.

కంపెనీకి ఉత్తరం వ్రాశాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. పానాను మా ఖర్చుతో ఉత్తరాదిన ఉన్న వారి గిడ్డంగికి పంపాలి, వారు పరీక్షిస్తారు, లోపం తమదని తేలితే మారుస్తారు, తిరిగి పంపే ఖర్చు కూడా మాదే. రెండు వైపులా కొరియరు ఖర్చు లెక్కవేస్తే పానా ధరలో సగానికి వచ్చింది. పంపాం. మూడు వారాల తరువాత వచ్చిన జవాబులో పరీక్ష ప్రసక్తే లేదు. ఒకే వాక్యం: వృత్తిపరమైన, వాణిజ్యపరమైన వాడకానికి ఈ హామీ వర్తించదు.

ఇక్కడ నాకు కోపం వచ్చింది. 24 రాచెట్ పానాను ఇంట్లో దేనికి వాడతారు? గృహిణులు ప్రెషరు కుక్కరు బిగించుకోవడానికా? పెట్టె మీద గునపమంత అక్షరాలతో జీవితకాలమని వ్రాసి, లోపలి చీటీలో చీమ తలకాయంత అక్షరాలతో, పనిచేసేవాడికి తప్ప తక్కినవారందరికీ అని వ్రాయడం ఏ మర్యాద?

చట్టం తిరగేశాను. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై 20 నుండి అమలులో ఉంది. వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవాడు వినియోగదారుడు కాడని అందులోనూ ఉంది. కాని 2వ సెక్షన్ 7వ క్లాజు కింద ఒక వివరణ ఉంది. స్వయం ఉపాధితో, కేవలం తన జీవనోపాధి కోసం తానే వాడుకునేందుకు కొన్నది వాణిజ్య ప్రయోజనం కిందికి రాదు. ఈ వివరణ పాత చట్టంలోకి 1993 సవరణతోనే వచ్చింది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరచింది. బ్రతుకుతెరువు కోసం తానే నడుపుకోవడానికి లేతు మిషను కొన్నవాడు వినియోగదారుడే, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా వినియోగదారుడే. ఆ కేసు వేసిన సంస్థ మాత్రం పెద్ద ఎత్తున వ్యాపారం కోసం మిషను కొన్నదని ఓడిపోయింది. అదలా ఉంచితే, ఒకరిద్దరు సహాయకులున్నా ఫరవాలేదన్న మాట మావాడి కోసమే వ్రాసినట్టుంది. ఇద్దరు కుర్రవాళ్ళు, ఒక పానాల పెట్టె, ఒక పాత మోటారుసైకిలు. అంతే వాడి వాణిజ్యం.

హామీ చీటీ కంపెనీ తన ఇష్టంతో ఇచ్చేది, షరతులు పెట్టుకోవచ్చు. లోపమున్న వస్తువు మీద ఫిర్యాదు చేసే హక్కు మాత్రం చట్టం ఇచ్చింది, ఆ చీటీ తీసివేయలేదు. కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా, 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే జిల్లా కమిషన్‌లోనే, అంటే మా విషయంలో కడపలోనే ఫిర్యాదు వేయవచ్చు. పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. అయిదు లక్షల లోపు విలువకు రుసుము లేదు. రెండేళ్ళ లోపల వేయాలి. వకీలు తప్పనిసరి కాదు. లోపముందో లేదో పరీక్షిస్తే గాని తేలదనుకుంటే కమిషనే ప్రయోగశాలకు పంపుతుంది. పరీక్ష అవసరం లేని కేసులు మూడు నెలల్లో, అవసరమున్నవి అయిదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. ప్రయత్నించాలని మాత్రమే ఉంది.

అంత దూరం పోకముందే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. తెలుగులోనే మాట్లాడారు. అదే రోజు కంపెనీకి రెండో ఉత్తరం వ్రాశాను. అందులో వాదన తక్కువ, సెక్షన్లు ఎక్కువ. చీలిన అరచేయి ఫోటో, పానా ఫోటో, బిల్లు ప్రతి జతచేశాను. మా బావమరిది ఒకడు, ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా అన్నాడు. మావాడి రెండు రోజుల సంపాదన ఆ పానా. చేతికి కుట్లుండగా పని లేకుండా కూర్చున్న తొమ్మిది రోజులు వేరు. వాటికి ఏ చీటీలోనూ హామీ లేదు.

ఇరవై రెండు రోజులకు పార్సెలు వచ్చింది. విచారం వెలిబుచ్చుతూ ఒక ఉత్తరం, 'సుహృద్భావంతో' పంపుతున్న కొత్త పానా. విప్పి చూస్తే అది 22. మావాడు నవ్వడం ఆపలేకపోయాడు. మళ్ళీ ఉత్తరం వ్రాద్దామంటే ఒప్పుకోలేదు. "వాళ్ళ ముకాన కొట్టన్నా, వాన పడేలోపల ఇంగా ఇరవై మోటార్లుండాయి" అన్నాడు.

ఆ వారమే కర్నూలులో నా పని ఉండి వెళ్ళినప్పుడు, పాతికేళ్ళుగా పనిముట్లు అమ్ముతున్న ఒకాయన అంగడిలో రెండు వస్తువులు కొన్నాను. ఒకటి నాసిక్ టపారియా వారి 24-27 రింగు పానా, కదిలించడానికీ చివరి బిగింపుకూ. రెండోది పేరూ ఊరూ లేని చవక రాచెట్ 24, నడిమి చుట్లకు మాత్రమే. దాని మీద హామీ ముద్రేమీ లేదు. ఎన్నాళ్ళుంటుందని అడిగితే ఆయన, "ఇరిగితే ఎత్తుకరా సామీ, ఆర్నెల్ల లోపలైతే ఇంగొకటిస్తా, ఆ మీద నీ అదృష్టం" అన్నాడు. బిల్లు వెనుక పెన్నుతో ఆ ముక్కే వ్రాసి ఇమ్మన్నాను. కాస్త వింతగా చూశాడు గాని వ్రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇచ్చాడు. రెండూ కలిపి ఆ మొదటి పానా ధరకన్నా నలభై రూపాయలు తక్కువ.

అవి ఇప్పుడు మావాడి పెట్టెలో ఉన్నాయి. క్లాంపు చివరి బిగింపు రాచెట్‌తో చేయరాదని కుర్రవాళ్ళిద్దరికీ ఖచ్చితంగా చెప్పి ఉంచాడు, రాచెట్ పిడికి ఎర్ర టేపు కూడా చుట్టాడు. అయిదవ నెల దాటింది. నాలుక ఇంకా పలుకుతూనే ఉంది. 22 రాచెట్ మాత్రం పాలిథిన్ సంచి విప్పకుండా నా దగ్గరే ఉంది. దానికి పట్టే బోల్టు ఏ ట్రాక్టరులో ఉంటుందో తెలిసినవారు చెబితే వారికే ఇచ్చేస్తాను.